పెట్టెలో నాన్న గొంతు

"ఇది ఎప్పుడు పాడైంది?" అని అడిగాడు కంప్యూటర్ల షాపతను, తలెత్తకుండానే.

"పాడవలేదు," అంది ఆమె.

"మరి ఇక్కడికెందుకు తెచ్చారు?"

"పాడవుతుందేమోనని."

అప్పుడు తలెత్తాడు. కళ్ళజోడు ముక్కు మీద ఓ పక్కకి ఒరిగిపోయి ఉంది. ఎడమ వైపు స్క్రూ వదులైందని ఆమెకి చూడగానే తెలిసిపోయింది. ఆమె ఉద్యోగమే అది మరి. రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తుంది. ఇంట్లో, షాపులో, అందరూ ఆమెని గాభరా అనే పిలుస్తారు. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి మూడుసార్లు వెనక్కి వచ్చే మనిషికి ఇంకో పేరు అతకదని వాళ్ళ నాన్న తీర్పు.

బల్ల మీది పెట్టెకి చుట్టిన తువ్వాలుని ఆమె విప్పింది. అరచేతిలో పట్టేంత కంప్యూటర్ పెట్టె. నాలుగేళ్ళ కిందట నాన్న ఈ షాపులోనే కొన్నాడు. దానికి రెండు స్పీకర్లు తగిలిస్తే ఇల్లంతా పాటలే.

"ఇది పాటలు పాడుతుంది కదా. మాటలు కూడా చెప్పించాలి. పదమూడు రోజుల్లో."

"ఎవరి మాటలు?"

"మా నాన్నవి."

ఆ తర్వాత ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నాన్న బస్‌స్టేషన్‌లో అనౌన్సరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో ఊరికంతా చెప్పిన గొంతు. రెండు నెలలుగా బొంగురుపోతుంటే జలుబనుకున్నారు. జలుబు కాదు. స్వరపేటికలో గడ్డ. పద్నాలుగో రోజున ఆపరేషన్. గడ్డతో పాటు పేటికంతా తీసేస్తారు. మనిషి బతుకుతాడు. గొంతు మాత్రం ఉండదు.

అతను పెట్టెని ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా, "ఫోన్లో యాప్‌లుంటాయండీ. టైప్ చేస్తే మెషిన్ గొంతుతో..." అన్నాడు.

"మెషిన్ గొంతుతో మా అమ్మతో పోట్లాడమంటారా మా నాన్నని?"

"ఆగండి, నా ఉద్దేశం..."

"ఆయన కోప్పడితే కోపంగానే వినపడాలి. వెటకారం చేస్తే వెటకారంగానే వినపడాలి. మీ వల్ల కాదంటే చెప్పండి, ఇంకో షాపు చూసుకుంటాను."

ఇంకో షాపు లేదని ఇద్దరికీ తెలుసు. అతను వంకర కళ్ళజోడుని వేలితో పైకి తోసుకుని, "సాయంత్రం మీ ఇంటికి వస్తాను," అన్నాడు.

* * *

అమ్మ అతనికి మొదటి రోజే 'పెట్టెలబ్బాయి' అని పేరు పెట్టేసింది.

"ఇందులో ఉన్నది లినక్స్ అని, పెట్టెని నడిపే చాలా తేలికైన సిస్టమ్ అండీ," అని నాన్నకి చెప్పాడు పెట్టెలబ్బాయి. "ఖాళీ గది లాంటిది. కుర్చీ కావాలంటే కుర్చీ, బల్ల కావాలంటే బల్ల, ఏది అవసరమో అది మాత్రం తెచ్చి వేసుకోవాలి. వాటినే ఎక్స్‌టెన్షన్లు అంటారు. పాటలకి ఒక ఎక్స్‌టెన్షన్ ఇప్పటికే ఉంది. ఇప్పుడు మాటలు రికార్డు చెయ్యడానికి ఇంకొకటి వేస్తున్నాను."

నాన్న బొంగురు గొంతుతోనే గంభీరంగా అన్నాడు. "అంటే నా లోపలి పెట్టె తీసేసి, బల్ల మీద ఇంకో పెట్టె పెడుతున్నారన్నమాట. బాగుంది. ఇది దగ్గదు కూడాను."

అమ్మ నవ్వలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గాభరా ఫోన్లో అతను రెండు పేజీలు తెరిచి చూపించాడు. మొదటి దాంట్లో పెద్ద పెద్ద బటన్లు. ఒకటి నొక్కితే రికార్డు, ఇంకొకటి నొక్కితే వినడం. రెండోది ఎక్స్‌టెన్షన్ల పేజీ. ఏవేవో పేర్లు, పక్కన చిన్న చిన్న గడులు.

"ఇక్కడ మాత్రం..." అని మొదలుపెట్టాడు.

ఆమె అతని మాట వినడం లేదు. ఆ కళ్ళజోడు ఒరుగు ఆమె ప్రాణం తోడేస్తోంది. "ఒక్క నిమిషం," అని దాన్ని అతని ముఖం మీంచి తీసేసింది. సంచిలోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి, స్క్రూ బిగించి, తిరిగి తొడిగి, ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో రెండు వేళ్ళతో సర్దింది. "ఆఁ, ఇప్పుడు చెప్పండి. ఇక్కడ మాత్రం?"

పెట్టెలబ్బాయి కళ్ళార్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇక్కడ మాత్రం... మీరు దీని జోలికి వెళ్ళకండి."

"వెళ్తే?"

"ఏమైనా కావచ్చు."

ఏమైనా కావచ్చు అన్న మాట ఆమెలాంటి మనిషికి చెప్పదగ్గది కాదు. ఆ పేజీని ఆమె ఆ రోజు నుంచీ కన్నెత్తి చూడలేదు.

* * *

మర్నాటి నుంచీ రికార్డింగు. అమ్మ నోటు పుస్తకంలో జాబితా రాసింది. 'టీలో పంచదార తక్కువైంది.' 'ఎవరది తలుపు దగ్గర?' 'రిమోట్ నా చేతికివ్వు.' 'నేను చెప్పానా లేదా?' 'గాభరా, గొడుగు తీసుకెళ్ళు.' నొప్పిగా ఉంటే చెప్పాల్సినవి, ఆకలేస్తే చెప్పాల్సినవి, ఊరికే విసుక్కోవాల్సినవి. మొత్తం రెండు వందల పన్నెండు.

అందులో చిట్టచివరిది అమ్మ కావాలని చేర్చింది. 'నాదే తప్పు.'

"ఇది నేను ఎప్పుడన్నానే?" అన్నాడు నాన్న.

"అనలేదు కాబట్టే. ఇకనైనా అనండి."

నాన్న మైకు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని, "నాదే..." అనేసరికి నవ్వొచ్చేసింది. ఎనిమిదిసార్లు మొదలుపెట్టాడు, ఎనిమిదిసార్లూ పగలబడి నవ్వాడు. తొమ్మిదోసారి పళ్ళు బిగబట్టి చెప్పేశాడు. పాడైన ఆ ఎనిమిదింటినీ చెరిపెయ్యమన్నాడు గానీ గాభరా చెరపలేదు. వాటికి 'నవ్వు ఒకటి', 'నవ్వు రెండు' అని పేర్లు పెట్టి దాచుకుంది.

పెట్టెలబ్బాయి రోజు విడిచి రోజు సాయంత్రం వచ్చేవాడు. మైకు సరిగ్గా ఉందో లేదో చూడాలట. మైకుకి ఏ జబ్బూ లేదు. అయినా దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, రెండోది ఆమెకి ఇచ్చి, "గాలి చప్పుడు వస్తోందా?" అనేవాడు. వైరు పొట్టిది. ఇద్దరూ దగ్గరగా కూర్చుంటే తప్ప అందదు. ఆమెకి గాలి చప్పుడు వినపడేది కాదు. తన గుండె చప్పుడే వినపడేది, అది మైకులోకి ఎక్కుతుందేమోనని భయపడేది.

"ఈ అబ్బాయికి మైకంటే ఎంత శ్రద్ధో!" అన్నాడు నాన్న ఒకరోజు.

"మైకంటేనేనా?" అంది అమ్మ జాబితాలో టిక్కు పెడుతూ.

పైకి నవ్వుతూనే ఉండేది గాభరా. నాన్న ఏ మాటన్నా, ఈ మాట ఇంకెన్నిసార్లు అంటాడు అని లోపల లెక్క మొదలయ్యేది. గోడ మీది క్యాలెండరు వైపు చూడకుండా ఆ గది దాటడం నేర్చుకుంది. ఒక సాయంత్రం, నాన్న హాల్లో ఉండగానే, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న పెట్టెలబ్బాయితో, "నాకు చాలా భయంగా ఉంది," అంది.

అతను ధైర్యం చెప్పలేదు. చెప్పుల వైపు చూస్తూ, "నాకూ," అన్నాడు.

ఎందుకో ఆ ఒక్క మాటకి ఆమెకి కాస్త ఊపిరాడింది.

* * *

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డంతా వచ్చేసిందన్నారు డాక్టరుగారు. నాన్న కళ్ళు తెరిచి, మెడలో గొట్టంతో, ఏదో అనబోయి, గాలి మాత్రమే వచ్చి, ఆగిపోయి, నర్సు ఇచ్చిన తెల్ల పలక అందుకున్నాడు. 'ఏ ప్లాట్‌ఫామ్?' అని రాశాడు. అమ్మ నవ్వుతూ ఏడ్చింది.

మూడో రోజు పొద్దున గాభరా బట్టలు తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చింది. బయట వాన పట్టుకుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బల్ల మీద పెట్టె ఆకుపచ్చ లైటు వెలిగించుకుని ఉంది. నాన్న గొంతు ఒక్కసారి వినాలనిపించి ఫోన్లో పేజీ తెరిచింది. పైన పచ్చటి పట్టీ మీద ఏదో కనపడింది. 'ఎక్స్‌టెన్షన్లకు కొత్త వెర్షన్లు ఉన్నాయి. అప్‌డేట్ చెయ్యాలా?'

వెంటనే పెట్టెలబ్బాయికి ఫోన్ చేసింది.

"నొక్కకండి," అన్నాడతను. "పెట్టెని దాని మానాన వదిలెయ్యండి. రోజూ లాగే బ్యాకప్ ఒక్కటి నొక్కేసి..."

"ఏం బ్యాకప్?"

అవతల ఏదో కింద పడ్డ చప్పుడు.

"బ్యాకప్ అని బటనుంటుంది కదండీ. రికార్డు చేశాక నొక్కుతున్నారు కదా?"

"ఏ పేజీలో?"

"ఎక్స్‌టెన్షన్ల పేజీలో."

"దాని జోలికి వెళ్ళొద్దని మీరే కదా చెప్పారు!"

అవతల కుర్చీ వెనక్కి జరిగింది. తర్వాత అతని గొంతు పూర్తిగా మారిపోయింది. "వినండి. ఆ పెట్టె అన్నీ తన తలలోనే పెట్టుకుని పనిచేస్తుంది. బ్యాకప్ నొక్కితేనే లోపలి మెమరీ కార్డు మీద రాసుకుంటుంది. నొక్కకపోతే, కరెంటు పోయిన క్షణాన..."

"పోయిన క్షణాన?"

"నేను రికార్డింగు ఎక్స్‌టెన్షన్ వేసిన రోజు ఎలా ఉందో అలా నిద్రలేస్తుంది."

"అంటే నాన్న మాటలు?"

"ఇప్పుడే నొక్కండి. నేను లైన్లో ఉన్నాను."

ఆమె ఆ భయంకరమైన పేజీ తెరిచి, కింద బ్యాకప్ నొక్కింది. చక్రం తిరిగింది. తిరిగి, తిరిగి, ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 'కార్డు మీద రాయడం కుదరలేదు.'

నాలుగేళ్ళ పాత కార్డు. ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలీదు. పెట్టె తన తలలో ఉన్నదాంతో నడుస్తూ ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"కంగారు పడకండి, కరెంటుంది కదా..." అన్నాడతను.

అప్పుడు ఆమెకి గేటుకి అంటించిన కాగితం గుర్తొచ్చింది. ఈ రోజే. లైను మరమ్మతు. పదకొండు నుంచి నాలుగు దాకా.

గడియారం పదీ అయిదు చూపిస్తోంది.

* * *

కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఒక్క గంట ఆలస్యం చెయ్యమని బతిమాలింది. "పదకొండంటే పదకొండేనమ్మా. ఆ టైముకి మనిషి స్తంభం మీద ఉంటాడు," అన్నారు వాళ్ళు.

ప్లగ్గు తీసి ఇంకోచోట పెట్టడానికి లేదు. తీస్తే అదే చావు. పేజీలో మాటలు మోగించడమే గానీ, ఫోన్లోకి దించుకునే బటను లేదు. పెట్టెలోంచి నాన్న మాటలు మోగిస్తూ ఫోన్లో రికార్డు చేద్దామని చూసింది. వరండా రేకుల మీద వాన ఎంత మోత మోగిస్తోందంటే, నాన్న నీళ్ళ అడుగు నుంచి మాట్లాడుతున్నట్టు వచ్చింది. వినలేక ఆపేసింది.

పదీ ఇరవై అయిదుకి పెట్టెలబ్బాయి వచ్చాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసిపోయాడు. షాపులో ఉన్నది బల్లకి బిగించిన కంప్యూటర్ కాబట్టి, తెచ్చుకోగలిగింది జేబులో పెన్‌డ్రైవ్ మాత్రమే. దాన్ని కవర్లోంచి తీసి పెట్టెకి గుచ్చాడు. పెట్టె దాన్ని గుర్తుపట్టలేదు.

"దీని భాష పెట్టెకి రాదు," అన్నాడు. "ఆ భాష నేర్పే ఎక్స్‌టెన్షన్ దించాలి."

"పెన్‌డ్రైవ్‌ని తుడిచేసి కొత్తగా మొదలెట్టలేమా?"

"తుడిచే పనిముట్టు కూడా ఎక్స్‌టెన్షనేనండీ."

"దించండి మరి!"

"కార్డు మీద పెట్టలేం. ఈ పూటకి మాత్రం తలలోనే పెట్టుకోమనాలి. తలలో ఖాళీ చూస్తున్నాను." చూశాడు. మొహం పాలిపోయింది. "నాలుగు ఎంబీ ఉంది. దానికి తోడు ఇంకో ఎక్స్‌టెన్షన్ కూడా కావాలట. రెండూ కలిసి పదకొండు. ఖాళీ లేకుండా ఎక్కిస్తే పెట్టె బిగుసుకుపోతుంది. అప్పుడు కరెంటున్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"వేరే ఎక్స్‌టెన్షన్లు తీసెయ్యండి. పాటలది తీసెయ్యండి!"

"తీసెయ్యమని గుర్తు పెట్టగలం. కానీ అది నిజంగా పోయేది ఆపి మళ్ళీ ఆన్ చేసినప్పుడే."

ఆమె అతని వైపు చూసింది. అతను చెప్పడానికి భయపడుతున్నది ఆమెకి అర్థమైపోయింది. తలలో చోటు ఆక్రమించినవి ఇక నాన్న మాటలే.

"ఎన్ని చెరపాలి?"

"ఒక్కోటి ఇంచుమించు ఒక ఎంబీ. ఏడు." అతను ఫోను మీంచి వేలు తీసేశాడు. "నేను చెరపలేనండీ. ఏది చెరపాలో నాకు తెలీదు. మీరే చెప్పాలి."

జాబితా ఆమె ముందు ఉంది. నొప్పిగా ఉంది, నీళ్ళు కావాలి, కిటికీ వెయ్యి, అమ్మని పిలు. ఇవి లేకుండా నాన్నకి రోజు గడవదు. కింద, ఎవరికీ పనికిరానివి, ఎనిమిది ఉన్నాయి.

పదీ నలభై.

"ఇటివ్వండి," అని ఫోన్ లాక్కుంది. 'నవ్వు ఒకటి' మీద వేలు పెట్టింది. చెరపాలా అని అడిగింది పెట్టె. అవును. 'నవ్వు రెండు.' అవును. ఒక్కటైనా చివరిసారి వినడానికి టైము లేదు. నాలుగోదాంట్లో నాన్న నవ్వు మధ్యలో అమ్మ "అయ్యో రామా" అంటుంది. అవును. కన్నీళ్ళకి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఏడు.

"చాలు, చాలు," అన్నాడతను. "ఒకటి ఉంచుకోండి." ఎక్స్‌టెన్షన్ దించడం మొదలుపెట్టాడు. తొంభై శాతం దగ్గర ఆగింది. ఖాళీ ఇంకా కాస్త తక్కువట.

అతను ఆ మాట పైకి అనలేకపోయాడు. ఆమె అడగనూ లేదు. 'నవ్వు ఎనిమిది' మీద వేలు పెట్టి నొక్కేసింది.

ఎక్స్‌టెన్షన్ ఎక్కింది. పెన్‌డ్రైవ్ చివర ఎర్రలైటు మినుకుమంది. పదీ యాభై ఒకటికి కాపీ మొదలైంది. ముప్పై, అరవై, నూటపది. ఇద్దరూ ఆ అంకెలే చూస్తున్నారు. ఎప్పుడు పట్టుకున్నాడో, ఆమె చెయ్యి అతని చేతిలో ఉంది. చల్లగా, తడిగా ఉంది. నూట తొంభై. రెండు వందలు. రెండు వందల ఏడు.

ఫ్యాను ఆగిపోయింది. ఆకుపచ్చ లైటు ఆరిపోయింది.

గోడ గడియారంలో పదకొండుకి ఇంకా రెండు నిమిషాలుంది.

* * *

"ఎన్ని వచ్చినట్టు?" అంది గాభరా. 

"తెలీదు. కాపీ మధ్యలో ఇలా కరెంటు పోతే ఒక్కోసారి మొత్తం..." అని ఆగిపోయాడు.

"మొత్తం?"

"చూస్తే గానీ తెలీదు. మా షాపుదీ ఇదే లైను."

"ఆసుపత్రిలో జనరేటరు ఉంది," అంది ఆమె. పెన్‌డ్రైవ్‌ని పిడికిట్లో బిగించి లేచింది.

బస్సులో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అద్దాల మీద వాన జారుతోంది. పిడికిలి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందామె. తెరిస్తే అందులోంచి నాన్న జారిపోతాడేమో అన్నంత భయం. పక్కన అతను తడిబట్టల్లో ముడుచుకుని కూర్చున్నాడు. రెండు స్టాపులు దాటాయి.

"మీకో విషయం చెప్పాలి," అన్నాడు చివరికి. "ఆ రోజు 'ఇక్కడ మాత్రం' అని మొదలుపెట్టాను గుర్తుందా? 'ఇక్కడ మాత్రం రోజూ బ్యాకప్ నొక్కండి' అనే చెప్పబోయాను."

"మరి?"

"మీరు నా కళ్ళజోడు తీసేశారు."

ఆమె తిరిగి చూసింది.

"తిరిగి పెట్టేసరికి మీరు అంత దగ్గర్లో ఉన్నారు. బుర్రలో ఒక్క ముక్క మిగల్లేదు. నోటికొచ్చింది చెప్పేశాను. మైకు చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ అడుగుదామనుకున్నాను. మీరు కనపడగానే మర్చిపోయేవాణ్ణి. మీ నాన్నగారి గొంతు పోతే అది నా మూలంగానే."

గాభరాకి కోపం రావాలి. వచ్చింది కూడా. అదే సమయానికి ఇంకేదో కూడా వచ్చింది.

"మీరు ఇంత మతిమరుపు మనిషని ముందే చెప్పాలి కదండీ!"

"మామూలుగా కాదండీ. మీ దగ్గరే."

"ఇప్పుడా చెప్పడం ఇది?"

"ఆ పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేకపోతే, ఇక మీ ఎదురుగా నిలబడే మొహం ఉండదు. అందుకని ఇప్పుడే చెబుతున్నాను."

ఆమె కిటికీ వైపు తిరిగింది. పిడికిలి విప్పలేదు. కానీ బస్సు మలుపు తిరిగినప్పుడు భుజానికి తగిలిన భుజాన్ని పక్కకి జరుపుకోలేదు.

* * *

ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో గోడకి పెద్ద టీవీ. ముప్పై మంది దాకా కూర్చుని, కట్టేసిన టీవీ వైపే చూస్తున్నారు. పెట్టెలబ్బాయి సెక్యూరిటీ ఆయన్ని బతిమాలి, స్టూలు ఎక్కి, టీవీ వెనక పెన్‌డ్రైవ్ గుచ్చాడు. రిమోట్ నొక్కాడు. తెర మీద చక్రం తిరిగింది.

తిరిగింది. ఇంకా తిరిగింది. గాభరా కళ్ళు మూసుకుంది. ఆపరేషన్ గది ముందు కూర్చున్నప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. అప్పుడు పక్కన అమ్మ ఉంది. ఇప్పుడు ఈ నేరంలో తనొక్కతే ఉంది. కాదు, ఇద్దరున్నారు.

"ఎవరది తలుపు దగ్గర?"

హాలంతా మోగిపోయింది. బొంగురుగా, దర్జాగా, కాస్త వెటకారంగా.

"నిలబడ్డారేం? లోపలికి రండి!"

సగం మంది తలుపు వైపు తిరిగి చూశారు. ఒకాయన లేచి నిలబడ్డాడు కూడా. గాభరా చతికిలబడి, మొహం చేతుల్లో దాచుకుని, గట్టిగా ఏడ్చేసింది. స్టూలు మీది మనిషి దిగడం మర్చిపోయి, రిమోట్ నొక్కుతూనే ఉన్నాడు. టీలో పంచదార తక్కువైంది. రిమోట్ నా చేతికివ్వు. నేను చెప్పానా లేదా?

నడవాలోంచి అమ్మ పరుగున వచ్చింది. వెనకే, నర్సు చెయ్యి పట్టుకుని, మెడకి కట్టుతో, అడుగులో అడుగేసుకుంటూ నాన్న. ముప్పై ఒక్క ఏళ్ళు మైకు వెనక కూర్చున్న మనిషి, మొదటిసారి జనంలో నిలబడి తన గొంతు తాను విన్నాడు. కనుబొమలు పైకి లేచాయి.

రెండు వందల ఏడు మాటలు వచ్చాయి. అయిదు పోయాయి. అమ్మ జాబితా తెచ్చి సరిచూసింది. పోయినవాటిలో చిట్టచివరిది చూసి నెత్తి కొట్టుకుంది.

"'నాదే తప్పు' ఒక్కటీ పోవాలా, ఇన్నిట్లోనూ!"

నాన్న భుజాలు కదలడం మొదలయ్యాయి. తల వెనక్కి వాలింది, కళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి, పొట్ట ఊగింది. నవ్వుతున్నాడు. చప్పుడు లేదు. గాభరా కూర్చున్నచోటి నుంచే తలెత్తింది.

"నాన్నా, నీ నవ్వులు ఎనిమిది దాచాను. పొద్దున నేనే చెరిపేశాను. చోటు లేక." చెప్పడం పూర్తి కాలేదు.

నాన్న ఆమె తల మీద చెయ్యి పెట్టి, పలక అందుకున్నాడు. 'పోనీ. గుర్రం సకిలించినట్టుందని మీ అమ్మ రోజూ తిట్టేది.'

"ఇప్పుడు తిట్టనులెండి," అంది అమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

పెట్టెలబ్బాయి అప్పటికి స్టూలు దిగాడు. నాన్నకి ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదండీ. బ్యాకప్ సంగతి చెప్పనే లేదు. అమ్మాయిగారి పొరపాటేం లేదు. కొత్త కార్డు వేసి, అన్నీ మళ్ళీ పెట్టి, ప్రతి ఎక్స్‌టెన్షనూ నేనే దగ్గరుండి చూస్తాను. ఆ తర్వాత మీరు రావద్దంటే రాను."

నాన్న అతన్ని తేరిపార చూశాడు. నీళ్ళు కారుతున్న చొక్కా, నిటారుగా కూర్చున్న కళ్ళజోడు, కట్టుకున్న చేతులు. తర్వాత కూతురి వైపు చూశాడు. అమ్మ నోటు పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా తిప్పాడు. తల అడ్డంగా ఊపాడు. రెండు వందల పన్నెండు మాటలు రాసుకున్నారు గానీ, ఇప్పుడు అనాల్సింది అందులో ఎక్కడా లేదు.

పలక తుడిచి, మెల్లగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు. రాసి పెట్టెలబ్బాయి చేతికిచ్చాడు. అతను చదివాడు. చెవుల దాకా ఎర్రబడిపోయి, మాట్లాడకుండా పలకని గాభరాకి అందించాడు.

'మా అమ్మాయిని భయపెట్టకుండా, తనతో కలిసి భయపడిన మనిషివి నువ్వొక్కడివే. నాకూ మీ అత్తయ్యకీ ఇష్టమే. మీ ఇద్దరి సంగతి చెప్పండి.'

'మీ అత్తయ్య' అన్న మాట దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. హాల్లో ముప్పై మందీ చూస్తున్నారు. వాన మోత తప్ప ఏమీ లేదు.  పొద్దున్నుంచీ పడిన భయాలన్నీ కలిపినా దీనికి సరిపోవు. అయినా పలక ఒళ్ళో పెట్టుకుని, తలెత్తి, అతని వైపు చూస్తూ చెప్పేసింది.

"నాకిష్టమే. భయంగా ఉంది. అయినా ఇష్టమే."

పెట్టెలబ్బాయి పెదవులు కదిలాయి. ఏదో అన్నాడు.

వెనక వరసలో కూర్చున్న ముసలావిడ కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఏమన్నాడమ్మా అబ్బాయి? మాకు వినపడలేదు!"

అతను ఆవిడ వైపు తిరిగాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఇష్టమేనన్నానండీ!"

నడవా చివర మందుల కౌంటర్ దాకా వినపడింది.